టీకా మంచిదే, మరి నష్టపోయినవాళ్ల సంగతి?

2024 ఏప్రిల్ నెలాఖరు. మే 13న పోలింగ్. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రచారం జోరు మీదుంది. అప్పుడు లండన్ నుంచి ఒక వార్త వచ్చి పడింది. కోవిషీల్డ్‌కు అసలు రూపమైన టీకాను తెచ్చిన ఆస్ట్రాజెనెకా కంపెనీ మీద అక్కడి హైకోర్టులో కేసు నడుస్తోంది. అందులో కంపెనీ దాఖలు చేసిన పత్రంలో ఒక మాట ఒప్పుకుంది: తమ టీకా వల్ల చాలా అరుదుగా, రక్తం గడ్డకట్టే టీటీఎస్ అనే సమస్య రావచ్చు, అది ఎందుకు వస్తుందో మాత్రం తెలియదు. ఇక ఫ్యామిలీ గ్రూపులన్నీ అదే మాటతో నిండిపోయాయి. మూడేళ్ల క్రితం వేసుకున్న సూది గురించి జనం కొత్తగా టెన్షన్ పడ్డారు. ప్రతిపక్ష నాయకులు దాన్ని ఎన్నికల విరాళాలతో ముడిపెట్టారు. వ్యాక్సిన్ సర్టిఫికెట్ మీద ప్రధాని ఫొటో కనిపించకపోయేసరికి భయపడి తీసేశారని ప్రచారం మొదలైంది. ఎన్నికల కోడ్ వల్ల తీశామని ఆరోగ్య శాఖ చెప్పింది. ఇంతలో మే 7 నుంచి యూరప్‌లో ఆ టీకా అనుమతిని కంపెనీయే వదులుకుంది. కొత్త రకాలకు సరిపోయే టీకాలు బోలెడన్ని వచ్చాయి, దీనికి గిరాకీ లేదు, అందుకే అని కంపెనీ చెప్పింది. ఆ కారణం ఎవరి చెవికీ ఎక్కలేదు.

అసలు ఆ లండన్ పత్రంలో కొత్త సంగతి ఎంత? దాదాపు ఏమీ లేదు. ఈ టీకాకూ, ప్లేట్‌లెట్లు పడిపోతూ రక్తం గడ్డకట్టే ఆ అరుదైన సమస్యకూ సంబంధం ఉందని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 7నే ప్రకటించింది. అదే రోజు బ్రిటన్ తన 30 ఏళ్ల లోపు వాళ్లకు వేరే టీకా ఇవ్వమని చెప్పింది, మే నెలలో ఆ గీతను 40 ఏళ్లకు పెంచింది. వారం తిరిగేసరికి డెన్మార్క్ ఈ టీకాను పూర్తిగా ఆపేసింది. మన దగ్గర కోవిషీల్డ్ తయారుచేసిన పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ కూడా టీటీఎస్ సహా అరుదైన దుష్ప్రభావాలన్నీ 2021లోనే ప్యాకెట్‌లో పెట్టే కాగితంలో రాశామని చెప్పింది. పైగా 2021 డిసెంబర్ నుంచే కోవిషీల్డ్ తయారీ ఆపేశామనీ చెప్పింది.

మరి మూడేళ్ల పాత సంగతి బాంబులా ఎందుకు పేలింది? ఆ కాగితం వ్యాక్సిన్ సెంటర్‌లో మన చేతికి రాలేదు కాబట్టి. సూది వేశాక కుర్చీలో అరగంట కూర్చోబెట్టారు. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకోమన్నారు. ఓ పది రోజుల తర్వాత తట్టుకోలేని తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, కడుపులో నొప్పి తగ్గకపోయినా, కాలు వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఫలానా టీకా వేసుకున్నానని డాక్టరుకు చెప్పండి అని ఎంతమందికి తెలుగులో చెప్పారు? దాచారన్న అనుమానానికి పునాది అక్కడే పడింది.

ఈ జబ్బు సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే రాజకీయ గొడవంతా దీని చుట్టూ తిరుగుతూ దీన్ని మాత్రం వదిలేసింది. టీటీఎస్‌లో ఒకదానికొకటి పొసగని రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. మెదడు నుంచి వెనక్కి వచ్చే సిరల్లో, పొట్టలోని సిరల్లో రక్తం గడ్డకడుతుంది. అదే సమయంలో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అంటే ఒక పక్క గడ్డలు, మరో పక్క రక్తస్రావం ముప్పు. దీన్ని మొదట పట్టుకున్నవాళ్లలో నార్వే, జర్మనీ డాక్టర్లున్నారు. ఓస్లోలో 32 నుంచి 54 ఏళ్ల మధ్య ఉన్న ఐదుగురు, టీకా వేసుకున్న 7 నుంచి 10 రోజుల్లోపే, ఇవే లక్షణాలతో ఆసుపత్రిలో చేరారు. అప్పటికి నార్వేలో ఆ టీకా వేసుకున్నది సుమారు 1 లక్షా 30 వేల మంది. అంత చిన్న సంఖ్యలో ఐదు కేసులు కనబడగానే వాళ్లకు అనుమానం వచ్చింది. ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 అనే ప్రొటీన్ మీద రోగుల శరీరమే యాంటీబాడీలు తయారుచేసుకుంటోందని తేలింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ పడనివాళ్లకు వచ్చే ఒక పాత సమస్యకూ దీనికీ దగ్గరి పోలిక ఉంది.

ఆ పోలికే ప్రాణాలు నిలిపింది. రక్తం గడ్డకట్టిందంటే మామూలుగా డాక్టరు చేయి ముందుగా వెళ్లేది హెపారిన్ మీదికే. టీటీఎస్ అని అనుమానం ఉంటే హెపారిన్ వద్దు, వేరే మందు వాడండి, ఇమ్యునోగ్లోబులిన్ (దానం చేసిన రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కించండి అని 2021 వసంతంలోనే మార్గదర్శకాలు వచ్చాయి. దుష్ప్రభావం గురించి బయటికి చెబితే జనం భయపడి టీకా మానేస్తారని మన అధికారులు వాదించినప్పుడల్లా నాకు ఈ విషయమే గుర్తొస్తుంది. చెప్పకపోతే పోయేది నమ్మకం ఒక్కటే కాదు. ఎమర్జెన్సీ వార్డులో ఉన్న డాక్టరుకు ఆ ఒక్క ముక్క తెలియకపోతే తప్పు మందు పడుతుంది.

ఇక మన లెక్కలు. 2021 మే 17న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. అప్పటిదాకా లోతుగా పరిశీలించిన 498 తీవ్రమైన కేసుల్లో 26 రక్తం గడ్డకట్టినవి అయి ఉండొచ్చని అందులో ఉంది. పది లక్షల డోసులకు 0.61 కేసు. బ్రిటన్‌లో అదే లెక్క 4, జర్మనీలో 10. మనవాళ్లకు ముప్పు తక్కువ అని ఆ ప్రకటన ధ్వని. కొంత నిజం ఉండొచ్చు. ఈ సమస్య వయసులో ఉన్నవాళ్లలో ఎక్కువ, మన దగ్గర మొదట వేసింది ఆరోగ్య సిబ్బందికీ పెద్దవాళ్లకూ. జన్యుపరమైన తేడాలు కూడా ఉండొచ్చు. కానీ ఇంకో కారణం కూడా పక్కనే కూర్చుని ఉంది: మనం వెతికిన తీరు.

సుప్రీంకోర్టుకు కేంద్రం ఇచ్చిన అఫిడవిట్ ప్రకారం 2022 నవంబర్ 19 నాటికి దేశంలో 219.86 కోట్ల డోసులు వేశారు. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందులుగా నమోదైనవి 92,114. వాటిలో 89,332 చిన్నవి, 2,782 తీవ్రమైనవి, మరణాలు అందులోనే. చిన్నా పెద్దా అన్నీ కలిపినా డోసుల్లో 0.0042 శాతం. అంటే లక్ష డోసులకు నాలుగు. ఇప్పుడు మీ ఇంట్లో మొదటి డోసు వేసుకున్న రాత్రి ఎంతమందికి జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయో గుర్తు చేసుకోండి. అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో ఎంతమంది మర్నాడు పనికి సెలవు పెట్టారో గుర్తు చేసుకోండి. లక్షకు నలుగురికేనా? ఆ జ్వరాలన్నీ ప్రమాదం లేనివే, టీకా పనిచేస్తోందనడానికి గుర్తులు కూడా. ఈ అంకె చెప్పేది మాత్రం ఒకటుంది. ఇది టీకా ఎంత సురక్షితమో కొలిచిన లెక్క కాదు, ఎన్ని కాగితాలు పైకి వెళ్లాయో చెప్పే లెక్క. ఈ అంకెను చూపించి ఏమీ జరగలేదనడం తప్పు. పైకి రాని కేసులన్నీ మరణాలేనని ఊహించుకోవడమూ అంతే తప్పు.

కాగితం పైకి వెళ్లే దారి ఇలా ఉంటుంది. ఏఎన్‌ఎంకో, ప్రైవేటు డాక్టరుకో ఒక కేసు మీద అనుమానం రావాలి. వాళ్లు ఫారం నింపి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి పంపాలి. అక్కడ విచారణ జరిగి రాష్ట్ర కమిటీకి, ఆ తర్వాత జాతీయ కమిటీకి వెళ్లాలి. నార్వేలో టీకా రికార్డు, ఆసుపత్రి రికార్డు రెండూ ఒకే గుర్తింపు నంబరు మీద ఉంటాయి. మన కోవిన్ పోర్టల్‌లో కోట్ల మంది టీకా వివరాలున్నా, ఆ మనిషి పది రోజుల తర్వాత ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుతో చేరాడో దానికి తెలియదు.

ఆ కమిటీ దగ్గరికి చేరిన కేసుకు ఒక అక్షరం ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఇది. టీకాతో సంబంధం ఉందని తేలితే ‘ఏ’ (A). అందులోనూ టీకా గుణం వల్లనా, తయారీ లోపం వల్లనా, వేసిన తీరులో పొరపాటు వల్లనా, సూది భయం వల్లనా అని విడగొడతారు. సమయం సరిపోతోంది గానీ టీకాయే కారణమనడానికి ఆధారం చాలకపోతే బీ. వేరే జబ్బు వల్ల అని తేలితే సీ. కావలసిన సమాచారమే లేకపోతే డీ. మన దేశంలో కోవిడ్ టీకా వల్ల మరణమని జాతీయ కమిటీ మొదట ధ్రువీకరించిన కేసు 68 ఏళ్ల పెద్దాయనది. 2021 మార్చి 8న టీకా వేసుకున్న ఆయన తీవ్రమైన అలర్జీతో చనిపోయారు. ఆ సంగతి జూన్‌లో బయటికొచ్చింది.

ఈ అక్షరాల్లోనే బాధితుల కష్టమంతా ఉంది. టీకా వల్లనే అని ‘ఏ’ ముద్ర పడాలంటే, ఆ టీకాకు ఆ జబ్బుతో సంబంధం ఉందని ముందే శాస్త్రీయంగా స్థిరపడి ఉండాలి. కొత్త టీకా విషయంలో ముందే స్థిరపడేదేముంటుంది? కొత్త దుష్ప్రభావం మొదటి రోజుల్లో బీలోనో డీలోనో పడుతుంది. శాస్త్రానికి ఇది తప్పు కాదు, ఒక్క కేసును చూసి శాస్త్రం తీర్పు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కానీ పోస్ట్‌మార్టం జరగలేదు కాబట్టి, ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 యాంటీబాడీ పరీక్ష ఆ ఊళ్లో లేదు కాబట్టి డీ వచ్చిన కుటుంబానికి, ఆ అక్షరం చేతిలో పెట్టి ఇక వెళ్లండి అనడం న్యాయం కాదు. శాస్త్రం అడిగే రుజువు వేరు, సాయం చేయడానికి సమాజం అడగాల్సిన రుజువు వేరు. ఈ రెండింటినీ కలిపేయడమే మన చర్చలో జరిగిన అతి పెద్ద గందరగోళం అని నా అభిప్రాయం.

రాజకీయాలు ఆ గందరగోళాన్ని ఇంకా పెంచాయి. 2025లో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో తక్కువ రోజుల్లో చాలామంది గుండెపోటుతో చనిపోయారన్న వార్తలొచ్చాయి. జులై 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, టీకాలకు హడావుడిగా అనుమతి ఇవ్వడం కూడా ఒక కారణం కావచ్చన్నారు. మర్నాడే కేంద్ర ఆరోగ్య శాఖ ఖండించింది. హడావుడి అనుమతి అన్న మాట తప్పని బయోకాన్ మందుల కంపెనీ అధినేత కిరణ్ మజుందార్ షా కూడా బహిరంగంగా అన్నారు. చివరికి కర్ణాటక ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీయే టీకాతో సంబంధం కనబడలేదని చెప్పింది.

ఆకస్మిక మరణాల మీద మన దగ్గర గట్టి అధ్యయనమే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 19 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 47 ఆసుపత్రుల నుంచి, 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఉండి, 2021 అక్టోబర్ నుంచి 2023 మార్చి మధ్య కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలు తీసుకుంది. వాళ్లను అదే వయసు, అదే ప్రాంతంలో బతికున్న 2,916 మందితో పోల్చింది. టీకా వేసుకున్నవాళ్లలో ముప్పు పెరగలేదు సరికదా తగ్గింది. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండడం, కుటుంబంలో ఇలాంటి మరణాలు, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం, కఠినమైన శ్రమ. జిమ్‌లో కుప్పకూలిన ప్రతి కుర్రాడి వీడియో కిందా "వ్యాక్సినే" అని రాసేవాళ్లు ఈ అధ్యయనం ఒక్కసారి చదవాలి. ఇంకో సంగతి. అబ్బాయిల్లో గుండె కండరానికి వాపు వస్తుందన్న హెచ్చరిక ఫైజర్, మోడెర్నా టీకాలది. అమెరికాలో ఉన్న మన పిల్లలు చాలామంది వేసుకున్నది అవే, మన దేశ కార్యక్రమంలో అవి లేవు. డల్లాస్ నుంచి వచ్చిన ఫార్వర్డ్ నల్గొండలో కోవిషీల్డ్ మీద భయంగా మారిపోయింది.

అయితే ఐసీఎంఆర్ అధ్యయనాన్ని చూపించి టీటీఎస్ బాధితుల నోరు మూయించడం కూడా చెల్లదు. అది అడిగిన ప్రశ్న వేరు. కారణం తెలియని హఠాన్మరణాలకు టీకా కారణమా అని అడిగింది, కాదని జవాబొచ్చింది. 2021లో టీకా తర్వాత మెదడులో రక్తం గడ్డకట్టి వారం పది రోజులు ఆసుపత్రిలో పోరాడి చనిపోయిన అమ్మాయి కేసు ఆ లెక్కలోకే రాదు.

భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ టీకా కథ మరో రకం. 2024 మేలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 926 మందిని ఏడాది పాటు గమనించామని, వాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఏదో ఒక ప్రత్యేకంగా గమనించాల్సిన ఇబ్బంది వచ్చిందని ప్రచురించారు. పత్రికలు పండగ చేసుకున్నాయి. అధ్యయనం బలహీనమైనదే. టీకా వేసుకోనివాళ్లతో పోలిక లేదు, ఫోన్ చేసి అడిగిన సమాచారం. టీకా వేసుకోని 926 మందిని ఏడాది గమనించినా జలుబులూ దద్దుర్లూ నెలసరి తేడాలూ కనబడతాయి కదా. ఐసీఎంఆర్ తన పేరు తీసేయమంది, జర్నల్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అంతవరకు విజ్ఞాన శాస్త్రంలో జరగాల్సిందే జరిగింది. కానీ భారత్ బయోటెక్ హైదరాబాద్‌లో ఆ పరిశోధకుల మీద పరువునష్టం దావా వేయడం నాకు మింగుడు పడలేదు. బలహీనమైన అధ్యయనానికి జవాబు ఇంకో మంచి అధ్యయనం. కోర్టు నోటీసు అందుకున్న డాక్టరును చూసి, రేపు ఇంకో డాక్టరు నిజమైన దుష్ప్రభావం కనబడినా రాయడానికి జంకుతాడు. మనకు అసలు కొరత ఉన్నదే రాసేవాళ్లకు.

కోర్టుల దగ్గరికి వద్దాం. 2022 మే 2న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. జాకబ్ పులియెల్ అనే పిల్లల వైద్యుడు వేసిన కేసు అది. తీర్పు చెప్పింది మన తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్. ఎవరి శరీరం మీద వాళ్లకు హక్కుంది, బలవంతంగా టీకా వేయకూడదన్నారు. ప్రభుత్వ టీకా విధానంలో తప్పు లేదన్నారు. దుష్ప్రభావాల సమాచారం జనానికి అందుబాటులో పెట్టాలని, మామూలు మనుషులూ ప్రైవేటు డాక్టర్లూ నేరుగా నమోదు చేసుకునే ఏర్పాటు ఉండాలని చెప్పారు. రెండు వర్గాలూ తమకు నచ్చిన సగం పట్టుకుని గెలిచామన్నాయి. ఆ సమాచారం బయటపెట్టాలన్న భాగమే నిజానికి అందరికీ పనికొచ్చేది, దాని గురించే తక్కువ మాట్లాడారు.

ఆ తర్వాత, కోవిషీల్డ్ తర్వాత కూతుళ్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులు వేసిన పిటిషన్‌లో, 2022 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన జవాబు చదివితే కడుపు తరుక్కుపోతుంది. సారాంశం ఇది: టీకా స్వచ్ఛందం, ఎవరినీ బలవంతం చేయలేదు. తయారుచేసింది వేరే కంపెనీలు, వాటిని నియంత్రణ సంస్థలు తనిఖీ చేశాయి. కాబట్టి ప్రభుత్వం బాధ్యురాలు కాదు. నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకో వినియోగదారుల కోర్టుకో వెళ్లొచ్చు. సమాచారం అందరికీ అందుబాటులోనే ఉంది గనక, తెలిసి ఇచ్చే సమ్మతి అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తదు.

కాగితం మీద స్వచ్ఛందమే, నిజం. 2021 ఆగస్టులో ముంబైలో లోకల్ రైలు ఎక్కాలంటే రెండు డోసుల సర్టిఫికెట్ చూపించాల్సి వచ్చింది. చాలా ఆఫీసుల్లో, కాలేజీల్లో అదే మాట. మీ కోసమే కాదు, మీ ఇంట్లో పెద్దవాళ్ల కోసం, దేశం కోసం వేసుకోండి అని ఫోన్ కాలర్ ట్యూన్ దాకా చెప్పారు. చెప్పడం తప్పు కాదు, చెప్పాల్సిందే. టీకాల మొదటి ఏడాదిలో ఒక్క భారతదేశంలోనే సుమారు 42 లక్షల మరణాలు తప్పాయని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు లెక్కగట్టారు. ఇంత మేలు అందరికీ జరిగింది. అందరి కోసం వేసుకోమని అడిగినప్పుడు, ఆ అందరిలో ఒకరికి దెబ్బ తగిలితే అది మీ సొంత నిర్ణయం అనడం ఎలా కుదురుతుంది? ఒక సాధారణ కుటుంబం సివిల్ కోర్టుకు వెళ్లి, వేల కోట్ల కంపెనీ మీద, పోస్ట్‌మార్టం కూడా లేని కేసులో, టీకా వల్లనే అని రుజువు చేయాలట.

ఇక్కడ చట్టంలో ఒక విడ్డూరం ఉంది. 2019 నాటి మన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, టీకా పరీక్షలో పాల్గొన్న వాలంటీరుకు ఆ పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం ఇవ్వాలి. చనిపోతే కుటుంబానికి నష్టపరిహారం ఇవ్వాలి. దాన్ని లెక్కగట్టడానికి ఒక సూత్రం కూడా ఉంది, 8 లక్షల రూపాయల మూలధనం మీద వయసునూ ముప్పునూ బట్టి గుణిస్తారు. కోవాగ్జిన్‌ను 2021 జనవరిలో మూడో దశ ఫలితాలు రాకముందే "క్లినికల్ ట్రయల్ పద్ధతిలో" అనే షరతు మీద అనుమతించారు. మొదటి వారాల్లో అది వేసుకున్నవాళ్లు ఒక సమ్మతి పత్రం మీద సంతకం పెట్టారు. తీవ్రమైన హాని టీకా వల్లనే అని తేలితే కంపెనీ పరిహారం ఇస్తుందని అందులో రాసి ఉంది. మార్చిలో ఆ షరతు తీసేశారు. అంటే ఫిబ్రవరిలో వేసుకున్న నర్సు చేతిలో ఒక హామీ ఉంది, ఏప్రిల్‌లో వేసుకున్న టీచరు చేతిలో లేదు. టీకా అదే, సీసా అదే.

నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న ప్రపంచానికి కొత్తది కాదు. ఎవరి తప్పూ రుజువు చేయనక్కరలేకుండా టీకా బాధితులకు పరిహారమిచ్చే ఏర్పాటును జర్మనీ 1961లో, ఫ్రాన్స్ 1964లో, జపాన్ 1970లో తెచ్చాయి. అమెరికా పాఠం 1976ది. ఆ ఏడాది న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ కనబడింది. 1918 నాటి ఫ్లూ మహమ్మారి మళ్లీ వస్తుందేమోనని అధ్యక్షుడు ఫోర్డ్ దేశమంతటికీ టీకా అన్నాడు. బీమా కంపెనీలు కవరేజీ ఇవ్వమన్నాయి, దాంతో ప్రభుత్వమే బాధ్యత తన మీద వేసుకుంటూ చట్టం చేసింది. నాలుగు కోట్లకు పైగా జనం వేసుకున్నారు. లక్షకు సుమారు ఒకరికి అదనంగా గులియన్ బారీ అనే నరాల జబ్బు వచ్చింది, కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాయి. డిసెంబర్‌లో ఆపేశారు. మహమ్మారి రానే లేదు. వేల కొద్దీ దావాలు ఏళ్ల తరబడి నడిచాయి. ఆ అనుభవంతో, పిల్లల టీకాల మీద కేసులతో కంపెనీలు తయారీ మానేస్తాయేమోనన్న భయంతో, 1986లో ఒక పరిహార చట్టం తెచ్చారు. ఒక్కో టీకా డోసు మీద, అది అడ్డుకునే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల పన్ను వేసి ఆ డబ్బుతో నిధి నడుపుతారు.

పథకం అని పేరు పెట్టినంత మాత్రాన న్యాయం జరగదని కూడా అమెరికాయే చూపించింది. కోవిడ్ టీకాలను ఆ మంచి నిధిలో కలపకుండా అత్యవసర పరిస్థితుల కోసం పెట్టిన ఇంకో కార్యక్రమంలో వేశారు. అందులో ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి, లాయరు ఖర్చులు ఇవ్వరు, నిర్ణయం నచ్చకపోతే కోర్టుకు వెళ్లే దారి లేదు. వేల మంది దరఖాస్తు చేస్తే పరిహారం అందింది కొద్దిమందికే. బ్రిటన్‌లో 1,20,000 పౌండ్లు ఒకేసారి ఇస్తారు. కానీ వైకల్యం 60 శాతం ఉండాలి. టీకా వల్లనే అని ఒప్పుకుని కూడా, 60 దాటలేదని వెనక్కి పంపిన కేసులున్నాయి. ఒక కాలు పోయిన మనిషికి ఆ శాతం లెక్క ఎలా చెప్పాలి? ఈ కోపమే అమెరికాలో వేరే చోట పేలింది. 2025 జూన్‌లో ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెన్నెడీ జూనియర్ టీకా సలహా కమిటీలోని 17 మందినీ ఒకేసారి తీసేశారు. బాధితుల మాట వినే వ్యవస్థ సరిగా లేని చోట, ఆ ఖాళీలోకి టీకాలనే అనుమానించే రాజకీయం వచ్చి కూర్చుంది. దాని వల్ల బాధితులకు ఒరిగిందేమీ లేదు, పిల్లల తట్టు టీకా మీద కూడా జనానికి అనుమానం పెరిగింది.

పేద దేశాల కోసం కోవాక్స్ పథకం ద్వారా పంపిన టీకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక పరిహార నిధి పెట్టింది, 92 దేశాలకు. మన ప్రభుత్వం సొంతంగా కొని వేసిన డోసులకు అది వర్తించదు. కంపెనీలు కూడా ఊరికే కూర్చోలేదు. హాని జరిగితే తమ మీద కేసులు పడకుండా రక్షణ కావాలని ఫైజర్ అడిగింది, సీరమ్ అడిగింది. ఆ రక్షణ ఇవ్వడానికి కేంద్రం అప్పట్లో ఒప్పుకోలేదు. మంచి పనే అనిపిస్తుంది. కానీ కంపెనీకి రక్షణ ఇవ్వకుండా, బాధితుడికి నిధి పెట్టకుండా, తాను బాధ్యత తీసుకోకుండా ఉంటే, ఆ మహమ్మారి ఏళ్లలో నష్టం మోసింది చివరికి ఆ కుటుంబమే.

మన దగ్గర ఇలాంటి చట్టాలు తెలియనివేం కావు. రైలు ప్రమాదంలో చనిపోతే రైల్వే తప్పుందా లేదా అని చూడకుండా 8 లక్షలు ఇవ్వాలని చట్టం చెబుతోంది. గుద్దేసి పారిపోయిన వాహనం ఏదో తెలియకపోయినా కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. కోవిడ్‌తో చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయం చేయాలని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 50 వేల రూపాయలుగా నిర్ణయించింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు చనిపోతే చాలన్నారు, కోవిడ్ వల్లనే అని శాస్త్రీయంగా రుజువు చేయమనలేదు. ఈ దారినే పట్టుకుని కేరళ హైకోర్టు 2022లో, టీకా తర్వాత భర్తను పోగొట్టుకున్న ఒక మహిళ కేసులో, టీకా మరణాలకూ మార్గదర్శకాలు తయారుచేయమని అదే సంస్థకు చెప్పింది. ఆ ఆదేశం మీద సుప్రీంకోర్టులో స్టే వచ్చింది.

ఏ పథకం అయినా పనికొస్తుందో లేదో నాలుగు విషయాల్లో తెలిసిపోతుంది. దరఖాస్తు గడువు ఎంత, ఎందుకంటే మంచాన పడ్డ మనిషికి ఏడాది చాలదు. బీ, డీ అక్షరాలు వచ్చినవాళ్ల సంగతేంటి, అనుమానం ఉన్నప్పుడు లాభం బాధితుడికి ఇస్తారా లేదా. చికిత్స ఖర్చు అప్పటికప్పుడు ఎవరు కడతారు. నిర్ణయించే కమిటీలో టీకా కార్యక్రమం నడిపే అధికారులే ఉంటారా, బయటివాళ్లు ఉంటారా. నాలుగోది మన దగ్గర అన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చింది. టీకా వేయించిన వాళ్లే హాని జరిగిందా అని తేల్చే వాళ్లయితే, వాళ్లు ఎంత నిజాయితీగా ఉన్నా జనం నమ్మరు.

తెలుగు నేల మీద దీనికి పాత గాయం ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం రాసిన నివేదికలో ఇంకో సంగతి ఉంది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. వాళ్లలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాల పిల్లలు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల్లో చాలామందికి కబురు కూడా లేదు.

ఆ టీకా మంచిదే. ఎన్నో దేశాల్లో ఆ క్యాన్సర్‌ను గణనీయంగా తగ్గించింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దాన్ని ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది, మన ఆడపిల్లలందరికీ అది అందాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. భద్రాచలం ఏజెన్సీలో ఏఎన్‌ఎం సూది పట్టుకుని ఇంటి ముందుకు వచ్చినప్పుడు, తల్లి అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు: ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డబ్బు ఎవరు కడతారు, మాట ఎవరు వింటారు. తెలుగులోనూ కోయలోనూ అచ్చు వేసిన ఒక కాగితం మీద ఆ నాలుగు జవాబులూ, ఒక ఫోన్ నంబరూ, బాధ్యత తీసుకునే అధికారి పేరూ రాసి ఆమె చేతిలో పెట్టాలి. సంతకం తీసుకోవడానికి ముందే పెట్టాలి.